కంట్రాక్టరుగారి కారుకు చైను వేసిన ఆదివారం

మోటారు కారంటే నాకు మొదటినుంచీ చిన్నచూపు. బిలాస్‌పూర్ లోకో షెడ్డులో పదకొండేళ్ళుగా ఆవిరి ఇంజన్లకు వాల్వులు సెట్ చేస్తున్న ఫిట్టర్ని నేను. కొండంత ఇంజను నా ముందు నిలబడి, నేను సరేనన్నాకే షెడ్డు గేటు దాటి లైనెక్కేది. అలాంటివాడికి వీధిలో దుమ్ము లేపుకుంటూ పోయే డబ్బా ఏపాటి? కుట్టుమిషను బాగా తిని బలిసి రోడ్డెక్కిందనేవాణ్ణి. షెడ్డులో అందరూ నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వుతున్నారు కదా అని అదే మాట మళ్ళీ మళ్ళీ అనేవాణ్ణి.

నిజానికి ఆ రోజుల్లో నేను చులకన చెయ్యనివాళ్ళు తక్కువ. ఖలాసీలు చులకన, బొగ్గు మోసేవాళ్ళు చులకన, కాగితాల మీద సంతకాలు పెట్టి ఇంజన్లు నడుపుతున్నామనుకునే ఆఫీసు గుమాస్తాలు మరీ చులకన. మా నాన్న శ్రీకాకుళం వైపునుంచి వచ్చి, పట్టాల మీద గ్యాంగులో చేరి, మట్టీ కంకరా మోసి, చివరికి గ్యాంగుమేటుగా దిగిపోయినవాడు. ఆ సంగతి మాత్రం నేనెక్కడా ఎత్తేవాణ్ణి కాదు. ఫిట్టరు కొడుకు ఫిట్టరయ్యాడని జనం అనుకుంటే అనుకోనిచ్చేవాణ్ణి.

మా రైల్వే కాలనీ తెలుగువాళ్ళు ఎరిగిన తెలుగువాళ్ళలో సొంత కారున్నవాడు ఒక్కడే. రైల్వేకి కంకర సప్లై చేసే కంట్రాక్టరు. ఆయనదీ మా వైపే, విజయనగరం దగ్గర ఏదో పల్లె. విలాయతు వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర పాత కారు తీసుకుని, కారుతోపాటు దొర డ్రైవర్ని కూడా తెచ్చుకున్నాడు. మే నెల ఎండలో కోటు తొడిగి, టై బిగించి, హాయిగా నడిచి వెళ్ళగలిగిన గోల్ బజారుకు కారులో వెళ్ళేవాడు. దారిలో తెలుగువాళ్ళు కనబడితే హిందీలో పలకరించేవాడు. ఆ హిందీ విని హిందీవాళ్ళు మొహం పక్కకు తిప్పుకునేవాళ్ళు. ఆయన వెనక నవ్వేవాళ్ళలో నేనే ముందుండేవాణ్ణి. ఎదురుపడితే మాత్రం నమస్కారం కూడా అందరికంటే ముందు నాదే.

డ్రైవరు తిఫ్రావాడు. తిఫ్రా అప్పట్లో పొలాల మధ్య చిన్న పల్లె. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, బక్కపలచని మనిషి. దొర వదిలేసిన ఖాకీ కోటు అతనికి మోకాళ్ళ దాకా వేలాడేది. చదువు లేదు. కంట్రాక్టరు ఇంట్లో మసలి మసలి తెలుగు కొంత పట్టుబడింది. కంట్రాక్టరు అతన్ని "ఏయ్" అని తప్ప మరో పేరుతో పిలవగా నేను వినలేదు. నేను "ఏరా" అనేవాణ్ణి. పదేళ్ళు పెద్దవాణ్ణి ఏరా అనడంలో తప్పుందని నాకు తోచనే లేదు.

రెండో ప్రపంచ యుద్ధం రావడానికి రెండు మూడేళ్ళ ముందు, వానలు వెనకబట్టిన రోజుల్లో, ఆ కారు ముందు భాగంలోంచి రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడు రావడం మొదలైంది. కొద్దిపాటి ఎత్తు కూడా ఎక్కలేక ఆయాసపడేది. లోపల చైను సాగిపోయిందనీ, క్యామ్‌షాఫ్టు అరిగిపోయిందనీ డ్రైవరు చెప్పాడు. కంట్రాక్టరు నమ్మలేదు. కలకత్తానుంచి వచ్చినవాడెవడో విని అదే మాట చెప్పాక నమ్మాడు. కొత్త చైనూ కొత్త షాఫ్టూ కలకత్తానుంచి పార్సిల్లో తెప్పించి, ఒక సాయంత్రం మా క్వార్టరు ముందు కారాపి, దిగకుండానే నన్ను పిలిచాడు.

"ఏవోయ్ మిస్త్రీ, నీకు మోటారు ఇంజను తెలుసునా?"

"తెలీడానికేటుందండీ అందులో," అన్నాను.

అంతకుముందు నేను మోటారు ఇంజను మూత కూడా ఎత్తి చూసినవాణ్ణి కాను.

"అచ్ఛా! అదీ మాట. ఈ డ్రైవరు తనే వేస్తానంటాడు. వీడి చేతిలో పెడితే నా కారు మిగులుద్దేటి? నువ్వు ఆదివారం వచ్చీ."

స్టీరింగు ముందు కూర్చున్న డ్రైవరు ఈ మాటలన్నీ వింటూ రోడ్డుకేసి చూస్తున్నాడు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. కంట్రాక్టరు తన వాకిట్లో పందిరి వేయించి, కుర్చీలు వేయించి, మా తెలుగు సంఘం పెద్దల్ని నలుగుర్ని కూడా పిలిచాడు. ఇంజను విప్పడం కూడా ఒక ముచ్చటే అన్నట్టు గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు వాళ్ళు. వాళ్ళలో ఒక్కడు కూడా జన్మలో స్పానరు పట్టినవాడు కాదు. అలాంటివాళ్ళు చూస్తున్నారని నా ఛాతీ ఉబ్బింది.

డ్రైవరు తెల్లవారుజామునే లేచి నీళ్ళు వదిలేసి, రేడియేటరు దించి, ఇంజను ముందు మూత ఊడదీసి ఉంచాడు. విప్పిన బోల్టుల్ని గోనెపట్టా మీద, ఏ బోల్టు ఎక్కడిదో తెలిసేలా వరసగా పేర్చాడు. నేను నిలబడ్డానికి చోటు కావాలని ఆ పట్టాను కాలితో పక్కకు నెట్టాను. బోల్టులన్నీ కలిసిపోయాయి. అతను వంగి మళ్ళీ పేర్చుకున్నాడు.

ఆ ఇంజను సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఇంజనులో ప్రధానంగా తిరిగే ఇరుసుకు ముందు చివర ఒక చిన్న పళ్ళచక్రం ఉంటుంది. క్యామ్‌షాఫ్టు చివర దానికి రెట్టింపు చక్రం. రెండింటినీ కలుపుతూ చైను. షాఫ్టు మీదున్న బొడిపెలు వాల్వుల్ని ఎత్తి దించుతాయి. పెట్రోలును మండించే నిప్పురవ్వ కూడా ఆ షాఫ్టు తిరిగినదాన్నిబట్టే పుడుతుంది. అందుచేత చైను ఒక్క పన్ను అటో ఇటో పడిందంటే వాల్వూ తప్పుతుంది, రవ్వా తప్పుతుంది.

కలకత్తా పెట్టె తెరిచి, నూనెకాగితంలోంచి కొత్త షాఫ్టు తీసి, చేత్తో తిప్పి చూసి, "ఇదేటండీ, అప్పడాల కర్రకి గెడ్డలు లేచినట్టుంది," అన్నాను. పెద్దలు నవ్వారు. ఎందుకు నవ్వాలో తెలియకపోయినా కంట్రాక్టరు అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు.

పాత షాఫ్టు లాగబోతుంటే డ్రైవరు నా చెయ్యి ఆపాడు. వాల్వుల కిందనుండే చిన్న కడ్డీల్ని ముందు పైకెత్తి దారంతో కట్టకపోతే, షాఫ్టు బయటికి రాగానే అవన్నీ లోపల పడిపోతాయట. నాకా సంగతి తెలీదు. "అదే చెప్పబోతన్నాను, కట్టు," అన్నాను. అతను ఒక్కొక్కదాన్నీ ఎత్తి కట్టాడు. పాత షాఫ్టు బయటికొచ్చింది, నూనె రాసిన కొత్త షాఫ్టు లోపలికి జారింది. పాత పెద్ద చక్రాన్నే కొత్త షాఫ్టుకు బిగించాలి. ఇక చైను వెయ్యడం ఒక్కటే మిగిలింది.

చిన్న చక్రం మీద ఒక చుక్క ఉంది. పెద్ద చక్రం మీద ఒక చుక్క ఉంది. చుక్కలు రెండూ ఎదురెదురుగా వచ్చేలా పెట్టి చైను ఎక్కించాలని పెట్టెలో వచ్చిన కాగితం మీద బొమ్మ వేసి మరీ చూపించారు. అయితే పెద్ద చక్రం మీద, చుక్కకు రెండు పళ్ళ అవతల, ఆకురాయితో గీసిన సన్నటి గీత కూడా ఒకటి ఉంది.

"మిస్త్రీజీ, చుక్క వద్దు," అన్నాడు డ్రైవరు మెల్లిగా. "గీత చూడండి. ఈ చక్రం ఈ బండిది కాదు. దొర ఉన్నప్పుడు..."

"నువ్వేట్రా నాకు చెప్పేది? కంపెనీవోడు పెట్టిన చుక్క ఒగ్గీసి, ఎవడో గీకిన గీత పట్టుకోమంటావా? ఈ కాగితం చదవడం వచ్చా నీకు?"

"రాదు."

"మరి నోరు మూసుకో."

కంట్రాక్టరు కుర్చీలోంచి, "దొర పోతా పోతా కారుతోపాటు ఈ ప్రొఫెసరుని కూడా నాకు అంటగట్టీసినాడు!" అన్నాడు. పెద్దలు మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను.

చుక్కకు చుక్క పెట్టి చైను వేశాను. షెడ్డులో అయితే వాల్వు సెట్ చేశాక చక్రాన్ని మూడుసార్లు ముందుకీ వెనక్కీ జరిపించి, ఆవిరి ద్వారం ఎక్కడ తెరుచుకుంటోందో కొలిచి చూస్తేగాని నేను ఇంజను వదిలేవాణ్ణి కాదు. మా ఫోర్‌మన్ తొందరపెట్టినా వదిలేవాణ్ణి కాదు. ఇక్కడ ఆ పని చెయ్యలేదు. కుట్టుమిషనుకు అంత మర్యాద దేనికనుకున్నాను.

మూత బిగించి, రేడియేటరు ఎక్కించి, నీళ్ళు పోశాక డ్రైవరు ఇంకోసారి అడిగాడు. "ఒక చుట్టు నెమ్మదిగా తిప్పి చూద్దామా? వాల్వు ఎప్పుడు లేస్తోందో?"

"హ్యాండిల్ తిప్పడం నీ పని. నీ పని నువ్వు చెయ్యి."

అతను స్టీరింగు దగ్గరున్న, రవ్వను ఆలస్యం చేసే మీట వెనక్కి దించి, కారు ముందుకొచ్చి, హ్యాండిల్ దూర్చి పట్టుకున్నాడు. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచి పట్టుకున్నాడు. హ్యాండిల్ తిరగబడితే చెయ్యి జారిపోవడానికి తెలిసినవాళ్ళు అలాగే పట్టుకుంటారని నేనూ విన్నదే. అప్పుడు మాత్రం, వీడు పిల్లి తోక పట్టుకున్నట్టు పట్టుకున్నాడేమిటా అనుకున్నాను.

రెండుసార్లు తిప్పాడు. మూడోసారి ఇంజను ఫట్‌మని పేలి, హ్యాండిల్ వెనక్కి తన్నింది. అంత జాగ్రత్తగా పట్టుకున్నా దెబ్బ మణికట్టుకు తగిలింది. ఎముక విరిగిన చప్పుడు కుర్చీల్లో వాళ్ళకు కూడా వినబడింది.

"ఏ దాయీ," అన్నాడతను. వాళ్ళ భాషలో అమ్మా అని. ఒక్కసారే అన్నాడు. తర్వాత గోనెపట్టా మీద కూర్చుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

కంట్రాక్టరు లేచి ముందు కారు దగ్గరికి వెళ్ళాడు. రేడియేటరుకు దెబ్బ తగిలిందేమోనని తడిమి చూశాడు. ఆ తర్వాత డ్రైవరు వైపు తిరిగి, "హ్యాండిల్ పట్టుకోడం రాదు గానీ మిస్త్రీలకి సలహాలిస్తాడు," అన్నాడు. నన్ను చూసి, "ఏటయింది?" అనడిగాడు.

ఏమయిందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. రవ్వ వేళకు ముందే పడింది. అంటే షాఫ్టు ముందుకు పోయింది. అంటే చైను తప్పు. పదకొండేళ్ళు వాల్వులు సెట్ చేసినవాడికి అది తెలియడానికి చిటికె చాలు.

"బొటనవేలు చుట్టి పట్టుకున్నాడండీ," అన్నాను. "అలా పట్టుకోకూడదు."

డ్రైవరు తలెత్తి నన్ను చూశాడు. సంఘం పెద్దల్లో ఒకాయన టాంగా బండి పిలిపించి అతన్ని ఎక్కించాడు. మిగతావాళ్ళు ఎండ ముదిరిందంటూ లేచారు.

మర్నాడు డ్యూటీ దిగి నేనొక్కణ్ణే వెళ్ళి మళ్ళీ అంతా విప్పాను. చైను తీసి గీత ప్రకారం వేశాను. నెమ్మదిగా తిప్పి, వాల్వు లేచే చోటు చూశాను. సరిగ్గా ఉంది. నేనే హ్యాండిల్ పట్టుకున్నాను. బొటనవేలు వేళ్ళ పక్కనే ఉంచాను. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుని, చప్పుడు లేకుండా మెత్తగా నడిచింది.

అంతకంటే సిగ్గుమాలిన పని ఆ తర్వాతి వారం జరిగింది. సంఘం మీటింగులో కంట్రాక్టరు లేచి, కలకత్తావాళ్ళు చెయ్యాల్సిన పని మన తెలుగువాడు ఒక్క చేత్తో చేసి చూపించాడని చెప్పి నా మెడలో బంతిపూల దండ వేశాడు. ఆడవాళ్ళ వైపునుంచి కూడా చప్పట్లు వినిపించాయి. నేను తల వంచి దండ వేయించుకున్నాను. వినయంగా నవ్వాను కూడా.

ఇంటికొచ్చి అన్నానికి కూర్చుంటే మా ఆవిడ అడిగింది.

"ఆ డ్రైవరు చెయ్యి ఏటయిందండీ?"

"అతికిపోద్దిలే."

"ఆదివారం బాగానే బిగించీసినారు కదా. మరి సోమవారం మళ్ళీ ఎందుకు ఇప్పినారు?"

కంట్రాక్టరు ఇంట్లో వంటావిడ ఈవిడకు స్నేహితురాలన్న సంగతి నేను మరిచిపోయాను. "ఆడదానివి, ఇంజను సంగతి నీకేటి తెలుసు?" అని అరిచాను.

"నిజమే, నాకేటీ తెలీదు," అంది చారు వడ్డిస్తూ. "ఆ డ్రైవరుకీ ఏటీ తెలీదనే కదా అన్నారు మీరు."

ఆ తర్వాత నాలుగు రోజులు ఆవిడ నాతో అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు. ఐదో రోజు నాకు డ్యూటీ లేదు, రెస్టు. సైకిలు తీసుకుని తిఫ్రా వెళ్ళాను.

అతను ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి ఏదో ఆకు పసరు పట్టించి, వెదురుబద్దలు పెట్టి కట్టారు. అప్పటికే కంట్రాక్టరు అతన్ని పనిలోంచి తీసేసి కొత్త డ్రైవర్ని పెట్టుకున్నాడు. నన్ను చూసి అతను లేవలేదు, కూర్చోమనీ అనలేదు. సైకిలు పట్టుకుని నిలబడే మాట్లాడాను.

"ఆ గీత ఎవరిది?" అనడిగాను.

"నాది. పాత చక్రం పళ్ళు విరిగితే నాగ్‌పూర్‌లో ఇంకో పాత బండి చక్రం దొరికింది. దాని చుక్క ఈ ఇంజనుకు కుదరదు. దొరా నేనూ రెండు రోజులు తిప్పి తిప్పి చూశాం. కుదిరిన చోట నేను గీత గీశాను."

నేను నోరు మూసుకోమన్నప్పుడు అతను చెప్పబోయింది ఇదే. అర నిమిషం కూడా పట్టని మాట.

"తప్పయిపోయింది," అన్నాను.

"నా బొటనవేలు ఎక్కడుందో మీరు చూశారా, లేదా?"

"చూశాను."

"అయితే అది అక్కడికెళ్ళి చెప్పండి. నాకు చెప్పడం ఎందుకు? నాకు తెలుసు."

అంతే అన్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

వెంటనే వెళ్ళి చెప్పానంటే బాగుండేది. వారం నాన్చాను. మళ్ళీ ఆదివారం కంట్రాక్టరు వరండాలో ఆ నలుగురు పెద్దలే కూర్చుని ఉండగా వెళ్ళి, చైను తప్పు వేసింది నేననీ, డ్రైవరు హ్యాండిల్ సరిగ్గానే పట్టుకున్నాడనీ, కారు ఇవాళ నడుస్తున్నది అతని గీత వల్లనేననీ చెప్పాను. చెప్పడానికి వారం రోజులు భయపడ్డాను కదా, వాళ్ళు ఉలిక్కిపడతారనుకున్నాను. ఎవరూ ఉలిక్కిపడలేదు. ఒకాయన గ్లాసు కింద పెట్టి మీసం తుడుచుకున్నాడు.

"ఇప్పుడదంతా ఎందుకోయ్?" అన్నాడు కంట్రాక్టరు. "కారు నడుస్తంది కదా. నువ్వు మనవోడివి. ఆడెవడు?"

"ఆయన్ని మళ్ళీ పన్లో పెట్టుకోండి."

"చెయ్యి ఒంకరోడికి స్టీరింగు ఇమ్మంటావా? నీకేటైనా మతి పోయిందా?"

"మతి పోయింది ఆ రోజండీ. ఇప్పుడు బాగానే ఉంది. అందరి ముందూ ఆయన తప్పని మీరన్నారు. అందరి ముందూ కాదని చెప్పండి."

ఆయన మొహం మారింది. "గ్యాంగుమేటు కొడుకువి, దండ ఏసీసరికి నెత్తికెక్కిందేటి? ఎల్లు," అన్నాడు.

పెద్దలు నవ్వారు. మా నాన్న సంగతి వాళ్ళందరికీ ముందునుంచీ తెలుసునని అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ నేను దాచాననుకుని తిరిగాను, వాళ్ళు నా వెనక నవ్వుకున్నారు. బయటికి వస్తూ గేటును ధడాలున వేశాను. ఆ కోపం డ్రైవరుకు న్యాయం జరగనందుకు కాదు, గ్యాంగుమేటు కొడుకన్నందుకు. అలాంటి మనిషిని నేను. రాస్తున్నాను కదా, ఉన్నదే రాయాలి.

సంఘానికి వెళ్ళడం మానేశాను. వాళ్ళూ పిలవలేదు.

డ్రైవరు మణికట్టు వంకరగానే అతుక్కుంది. హ్యాండిల్ తిప్పలేడు, స్టీరింగు గట్టిగా పట్టలేడు. రెండేళ్ళకు పైగా ఇంటిదగ్గరే ఉన్నాడని విన్నాను. ఆ తర్వాత యుద్ధం వచ్చింది, ఊళ్ళో లారీలు పెరిగాయి. స్టేషనుకు కాస్త దూరంలో లారీలు ఆగే మైదానంలో ఒక చెక్కపెట్టె మీద కూర్చునేవాడతను. లారీవాళ్ళు ఇంజను స్టార్టు చేసి చూపిస్తే, తల పక్కకు వంచి విని, రోగం ఎక్కడుందో చెప్పేవాడు. విప్పి బిగించే చేతులే అతనికి లేవు. కంట్రాక్టరు కారు ఆ రోజుల్లోనే పెట్రోలు దొరక్క ఇటుకల మీదెక్కింది. కొత్త డ్రైవరు దాన్ని ఏడాదిలోనే సగం చంపేశాడట. ఆ కబురు విని నేను సంతోషించాననే చెప్పాలి.

ఒక రెస్టు రోజున ఆ మైదానానికి వెళ్ళి అతని ముందు నిలబడ్డాను. "నా చేతులు వాడుకోండి," అన్నాను. ఈసారి మీరు అన్నాను.

అతను నన్ను పైనుంచి కిందిదాకా చూసి, కిరసనాయిలు పోసిన ఇనపతట్ట చూపించాడు. అందులో బోల్టులున్నాయి. రెండు నెలలు ప్రతి రెస్టు రోజూ బోల్టులే కడిగించాడు. ఫస్టు గ్రేడు ఫిట్టర్ని, లారీ క్లీనర్ల పక్కన గొంతుక్కూర్చుని కడిగాను. మిస్త్రీజీ అని మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. "ఏ ఫిట్టర్" అనేవాడు. ఒకసారి ఒక లారీ ఓనరు నన్ను చూపించి ఇతనెవరని అడిగితే, "చేతులు మంచివి. చెవులే ఆలస్యంగా వచ్చాయి," అన్నాడు. అక్కడున్న వాళ్ళంతా పగలబడి నవ్వారు. నాకు కోపం వచ్చింది. బోల్టులు కడుగుతూనే ఉన్నాను.

మూడో నెలలో నన్ను ఇంజను ముట్టుకోనిచ్చాడు. అప్పుడు తెలిసింది నేను కుట్టుమిషనన్నదాని లోపల ఎంత పని ఉందో. వెంట్రుకవాసి తేడా కూడా ఓర్చుకోని పని. నా లోకో ఇంజన్లలో అంత సన్నటి లెక్క నేనెప్పుడూ ఎరగను.

అతను నన్ను క్షమించాడో లేదో నాకు తెలీదు. నేనడగలేదు, అతను చెప్పలేదు. మొట్టమొదటిసారి ఒక లారీకి క్యామ్‌షాఫ్టూ చైనూ నేనొక్కణ్ణే వేసిన రోజు, మూత బిగించేముందు అతను లేచి వచ్చాడు. ఎడంచేత్తో హ్యాండిల్ పట్టుకుని నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి, వంగి చూశాడు. బాగుందనలేదు, బాగోలేదనలేదు. చెయ్యి గుడ్డకు తుడుచుకుని, తన రొట్టెల మూట తీసుకుని వేపచెట్టు నీడలోకి వెళ్ళి తినడానికి కూర్చున్నాడు. నేను మూత బిగించి, కాస్త దూరంలో నా అన్నం క్యారియరు విప్పుకున్నాను.